విడికూర బన్ను

పెద్దకూరకు ఉప్పు పట్టించేటప్పుడు
మాట్లాడొద్దంటాడు మా నాయన.
నోరు తెరిస్తే లెక్క తప్పుతాదంట:
కిలోకు గుప్పెడు గల్లుప్పు,
చిటికెడు సురేకారం, ఉసిరికాయంత బెల్లం,
ఆరు నిమ్మకాయల రసం.
ముల్లుగరిటెతో పొడిచిన చోటల్లా
వేలితో మల్లా రుద్దాల.

ఇది నేర్పింది డెంజిల్ దొర, గూడ్సు గార్డు.
దొరంటే పేరుకే దొర.
గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో మా వెనక వరస,
నీళ్ల ట్యాంకరొస్తే మాతో పాటే
బిందె పట్టుకొని నిలబడేటోడు.
మట్టికుండలో కూర, కూర మీద పళ్లెం,
పళ్లెం మీద పట్టాల పక్కన ఏరుకొచ్చిన కంకరరాయి.
అయిదు దినాలు. దినానికొకసారి తిరగెయ్యాల.
ఆరోనాడు ఉడకబెట్టి, చల్లార్చి కోస్తే
టికెట్టంత పలచగా రావాల ముక్క.
రొట్టె, ఆవపిండి, ముక్క మీద ముక్క, మల్లా రొట్టె.
"బుడేసాబూ, దీన్లోంచి పేపరు చదవొచ్చు" అని
దొర లాంతరుకు ఎత్తి చూపిన ముక్కను
నాయన ఇప్పటికీ మాటల్లో ఎత్తి చూపుతాడు.

దొర పోయినాడు. క్వార్టర్సు కూలగొట్టినారు.
రన్నింగ్ రూములో ముప్పై ఒక్క ఏండ్లు వండి
నాయన ఇంటికి తెచ్చుకున్నవి ఆ కుండ, ఆ కత్తి.
స్టేషను బయట బండి పెట్టినాంక
కుడిచేతికి వణుకొచ్చింది.

ఆ రాత్రి రెండూ ఇరవై.
బళ్లారి బండెక్కాల్సిన లోకో పైలట్లు ఇద్దరు
బల్ల మీద పెట్టెలు పెట్టి నిలబడినారు.
కూర గంట ఎక్కువే ఉడికింది,
పొయ్యి నేనే ఆపల్యా, కునుకు పట్టింది.
నాయన కత్తి ఆనించినాడు.
ముక్క తెగల్యా. ఇడిపోయింది.
ఇంకోటి. అదీ ఇడిపోయింది.
పలక మీద పోగులు పోగులు,
పాత నులకమంచం ఇప్పేసినట్టు.
ఎవురూ ఏమీ అనల్యా.
చేతి తప్పా, పొయ్యి తప్పా
తేలకముందే
పలకను నా పక్కకు లాక్కున్నా.

చేత్తోనే చీల్చినా, ఏళ్లు కాలుతున్నా.
పెనం మీద దాని కొవ్వే దానికి నూనె.
ఎర్రగడ్డ సన్నగా, పచ్చిమిరక్కాయలు నాలుగు,
రొంత ఆవపిండి నీళ్లలో కలిపి పోసి.
ఉప్పు ఎయ్యల్యా,
అయిదు దినాల ఉప్పు దాంట్లోనే ఉండాది.
కొసలు కరకరమనేదాకా పెనానికి అదిమి
నిమ్మరసంలో నానిన క్యాబేజీ పిండి పైన చల్లినా.
రొట్టె ఆగదు దీనికి, రసానికి చినిగిపోతాది.
పొద్దున టీకని తెచ్చిన బన్నులుంటే
నడిమికి కోసినా.
కోసింది నాయన కత్తితోనే.

పెద్ద పైలట్ కొరికినాడు.
సగం నోట్లోకి, సగం అరచేతిలోకి.
"ఇది తినాలంటే రెండు చేతులూ కావాల్నే"
అన్నాడు, అరచేయి నోటికెత్తుకుంటా.
"పేరేంది దీనికి?"
నాయన దిక్కు చూసినా.
పలక తుడుస్తాండాడు, తుడిచిన చోటే మల్లా.
"విడికూర" అన్నా, అప్పటికప్పుడు పుట్టించి.
చిన్నోడు ఇంకోటి పొట్లం కట్టమన్నాడు.

కూతేసి బండి కదిలినాంక
పెనం అడుగంటింది గీకి
సగం బన్నులో పెట్టి నాయనకిచ్చినా.
చెయ్యి వణికి, పంచె ఒడిలోకి రాలింది కూర.
ఒక్కో పోగూ ఏరుకొని తిన్నాడు నిదానంగా.
దొర పేరెత్తుతాడేమో అనుకున్నా. ఎత్తల్యా.
"ఇంకో దినం ఊరాల్సింది" అన్నాడు,
అంతే.

పొద్దున లేచి చూస్తే
కుండ కడిగి ఎండకు పెట్టి ఉండాది,
పక్కనే కంకరరాయి, తడి ఇంకా ఆరకుండా.